పెద్దసారును ‘యాల’ అని అడిగిన రోజు

నేను ఇరవై ఆరేళ్లు కర్నూలులో ఒక కాలేజీ లెక్కల డిపార్టుమెంటులో పనిచేశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఊడ్చే పని అనగానే మళ్లీ వెనక్కి వాలుతారు. నాకు ఆ రెండూ చూడడం సరదా. అందుకే ఎప్పుడూ ఆ వరుసలోనే చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంతకు ముందు చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేదాన్ని. పాస్టరమ్మ వచ్చి, ఏమీ అనకుండా పుస్తకం తిప్పి నా చేతిలో పెట్టి పోయేది. అట్లాంటి దాన్ని నేను లెక్కల క్లాసు గురించి రాస్తున్నానంటే చదివే పిల్లలకు నవ్వు రావచ్చు. నవ్వండి. నాకూ వస్తోంది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలో ఊరంతా ఆఫీసులే. గోడలూ కప్పూ ఉన్న ప్రతిదీ ఏదో ఒక శాఖకు పోయింది. కప్పు లేనిచోట డేరాలు వేశారు. మా కాలేజీలోనూ సగం గదులు పోయాయి. లెక్కల వాళ్లు గట్టిగా అడగలేదని వాళ్లను కాంపౌండు చివర ఉన్న పాత శనక్కాయల గోడౌనులోకి పంపించారు. దాని కిటికీలకు ఊచలు తప్ప రెక్కల్లేవు. ముందర పొడుగాటి వరండా. నేల సందుల్లో ఇంకా శనక్కాయలు దొరికేవి. వాటి కోసం ఎలుకలు వచ్చేవి. హాజరుపట్టీలో పేర్లు లేవు గానీ రోజూ తప్పకుండా వచ్చింది అవే.

గోడౌనుకు మేము నలుగురం. లెక్కల ప్రొఫెసరు గారు, ఆయన కింద ఒక చిన్న లెక్చరరు, గంట కొట్టే సాయబు, నేను. సాయబును నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లీ అనేవాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. నాకు రెండూ రావు. మా ఇద్దరిలో ఆయనే పండితుడు.

ప్రొఫెసరు గారు బక్కపలచటి మనిషి. కోటు రెండు జేబుల్లో చాక్‌పీసులే. కూర్చుంటే టపటపమని విరిగేవి. ఆయన పాఠం చెబుతుంటే ఎదురుగా పిల్లలు ఉన్నారో ఎలుకలు ఉన్నాయో చూసుకునేవాడు కాదు. పాఠం లేనప్పుడు ఏదో ఒక పెద్ద లెక్క చేసుకునేవాడు. కాగితాలు అయిపోతే వెనక గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఒకరోజు అడిగాను.

“సార్, ఈ లెక్క ఎన్నాళ్లుగా చేస్తాండారు?”

“తొమ్మిదేండ్లమ్మా.”

“జవాబు యాడా లేదా?”

“లేదు.”

“తెలిసినోళ్లను అడగరాదా?”

“తెలిసినోడు ఇంకా పుట్టలేదమ్మా. అదే నా బాధ.”

నాకు ఎంత జాలి వేసిందంటే, ఆ రోజు నుంచి ఇంటి నుంచి ఆయనకు ఒక చెంబు మజ్జిగ తెచ్చిపెట్టేదాన్ని.

ఇంత పరధ్యానం మనిషి ఒక్క విషయంలో మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూసేవాడు. భయపడే పిల్లల విషయంలో. పరీక్ష అంటే వాంతి చేసుకునేవాడు, కళ్లు మూసుకుంటేనే సూత్రం చెప్పగలిగేవాడు, ఇట్లాంటి వాళ్లు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. ఆయన వాళ్లను తిట్టడు, ధైర్యం చెప్పడు. నా దగ్గరికి తెచ్చేవాడు. మొదటిసారి నాకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది.

“ఇదో, ఈ అబ్బాయి రోజూ నీకు ఒక లెక్క చెబుతాడు. నువ్వు ఊడ్చుకుంటా విను. అర్థమైతే ‘ఊ’ అను. కాకపోతే ‘యాల’ అని అడుగు. సిగ్గుపడొద్దు. నీకు అర్థం కాకపోతే తప్పు నీది కాదు, వాడిది.”

మా పక్క ‘ఎందుకు’ అనడానికి ‘యాల’ అంటాం. పుట్టినప్పటి నుంచి నేను ఎవరినీ ఆ మాట అడిగి బతికి బయటపడింది లేదు. నాయనను అడిగితే కళ్లెర్రజేసేవాడు, అత్తను అడిగితే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ఇప్పుడు కాలేజీ వాళ్లు జీతమిచ్చి అడగమంటున్నారు! నేను వదులుతానా? మొదటి వారంలో ఒక పిల్లవాడిని ముప్పై సార్లు ‘యాల’ అన్నాను. వాడు ఏడ్చాడు. రెండో వారం వాడే నవ్వాడు. మూడో వారం నుంచి వాంతులు ఆగిపోయాయి.

ఎట్లా పనిచేసేదో నాకు తెలియదు. చీపురు పట్టుకున్న మనిషి ముందు తప్పు చెబితే పరువు పోదని కాబోలు.

అట్లా వచ్చిన వాళ్లలో బనగానపల్లె పక్కనుంచి ఒకడు ఉండేవాడు. మామిడితోటల వాళ్ల పిల్లవాడు. గోడౌను వాకిట్లో తల వంచుకుని రావాలి, అంత పొడుగు. కాగితం మీద ఏ లెక్కైనా చేసేవాడు. చాక్‌పీసు చేతికిస్తే మాత్రం ఆ చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మొదటి రోజు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే మెట్టు మీంచి వెనక్కి పడి ముందు వరుస బెంచీని విరగ్గొట్టాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆ తర్వాత వారం రోజులు నిలబడే రాసుకున్నారు.

“ఏమప్పా, పులినైనా పట్టేటట్టున్నావు, సుద్దముక్కకు భయమా?” అని అడిగాను.

“పులైతే నన్ను లెక్క అడగదు కదక్కా,” అన్నాడు.

వాడికి పని పెట్టాను. నేను వరండా ఊడుస్తుంటే నా పక్కనే నడుస్తూ చెప్పాలి. ఒకరోజు మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందన్నాడు. మైనస్ అంటే తక్కువ కావడమని అంతకు ముందే చెప్పి ఉన్నాడు.

“తక్కువను తక్కువతో పెంచితే ఎక్కువ ఎట్లయితాదప్పా? యాల?”

“రూలక్కా.”

“ఎవురు పెట్టినారు? యాల?”

వాడు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు నాకు కనపడలేదు. మూడో రోజు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అక్కా, మా తోటలో మెట్లబావి ఉండాది. ఎండాకాలం నీళ్లు దినానికి మూడు మెట్లు దిగుతాయి. దిగేది మైనస్. అంటే మైనస్ మూడు. సరేనా?”

“ఊ.”

“రేపు, ఎల్లుండి అంటే ముందుకు పోయేది, ప్లస్. నిన్న, మొన్న అంటే వెనక్కి పోయేది, మైనస్. మొన్న అంటే మైనస్ రెండు. సరేనా?”

“ఊ.”

“మరి మొన్న నీళ్లు ఇయ్యాల్టి కంటే యాడుండె?”

నేను చీపురు నేలకు ఆనించి ఆలోచించాను. దినానికి మూడు దిగితే, మొన్న ఆరు మెట్లు పైనే కదా ఉండి ఉంటాయి!

“ఆరు మెట్లు పైన!” అన్నాను.

“అదే అక్కా ప్లస్ ఆరు!”

ఇద్దరం వరండాలో గంతులేశాం. చిన్న లెక్చరరు తొంగిచూసి, తల ఊపుకుంటూ లోపలికి పోయాడు. నా జన్మలో నేను నేర్చుకున్న మొదటి లెక్క అది. నాకప్పటికింకా నా పేరు రాయడం రాదు.

ఇట్లా ఉండగా ప్రిన్సిపాలు గారికి యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్లు కమిటీగా వస్తున్నారు, లెక్కల డిగ్రీ క్లాసు ఇక్కడ ఉంచాలా, కడపకు మార్చాలా అని చూస్తారు. శనక్కాయల గోడౌనులో డిగ్రీ క్లాసేమిటని ఎవరో ఫిర్యాదు చేశారట. మారిస్తే ప్రొఫెసరు గారు కడపకు పోతారు. నా పని టెంపరరీ, లెక్కల క్లాసు ఉంటేనే అదీ ఉంటుంది. మా బనగానపల్లె పొడుగాయన వాళ్ల నాయన కర్నూలు దాటి పంపేది లేదని తెగేసి చెప్పాడు.

“క్లాసు పోతే నేను తోటకు పోతానక్కా. మామిడికాయలు లెక్కపెట్టుకుంటా,” అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, మామూలుగా నాలుగు రొట్టెలు తినేవాడు ఆ రోజు ఒక్కటి తిన్నాడు.

ప్రిన్సిపాలు గారు గోడౌనును పెళ్లింటిలా చేయమన్నారు. ముందు వెల్ల వేయాలి. నేనూ సాయబన్నా సున్నం కలిపి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు గోడలకూ రెండేసి పూతలు కొట్టాం. తెల్లగా కొంగలా చేసి, మా పనికి మేమే మురిసిపోతూ నిలబడ్డాం. అప్పుడు వచ్చాడు ప్రొఫెసరు గారు. వెనక గోడ వైపు చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గోడ మీద బొగ్గు లెక్క ఉండేదని.

“అన్నా, సార్ లెక్క!” అన్నాను గుసగుసగా.

“నేనేం చేసేది చెల్లీ? నేను మైలనుకుంటి,” అన్నాడు సాయబన్న.

ప్రొఫెసరు గారు గోడను వేలితో తాకి, వేలికి అంటిన సున్నం చూసుకున్నాడు. “పోనీలేమ్మా. నాలుగో వరుసలో తప్పుండాదని నాకు అనుమానంగానే ఉండె. ఆ తప్పు కూడా పోయింది,” అన్నాడు. ఆ మాటకు నేను ఏడిస్తే, ఆయన నాకు మజ్జిగ ఇచ్చాడు. నేను తెచ్చిన మజ్జిగే.

కమిటీ వచ్చే రోజు ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచి రెండు ఆజ్ఞలు వేశారు. వరండాలో ఒక్క ఆకు కనపడకూడదు. నా నోటి నుంచి ఒక్క మాట వినపడకూడదు. అప్పుడు గాలి కాలం. కాంపౌండులో వేపచెట్లు ఊరికే ఉంటాయా? నేనిటు ఊడిస్తే అవి అటు రాలుస్తున్నాయి. మొదటి ఆజ్ఞ తీర్చడానికి పొద్దుటి నుంచీ వరండాకు ఆ చివరా ఈ చివరా తిరుగుతూనే ఉన్నాను.

కమిటీ వాళ్లు కారు దిగారు. ముగ్గురిలో పెద్దసారు తెల్ల తలపాగా, పొడుగు కోటు, చేతిలో వెండిపొన్ను కర్ర. పుస్తకాలు చూశారు, కుర్చీలు చూశారు. ఎలుకను కూడా చూశారు. “మీ పరిశోధన ఏమైనా చూపిస్తారా?” అని పెద్దసారు ప్రొఫెసరు గారిని అడిగితే ఆయన వెనక గోడ చూపించి, “ఈ సున్నం కిందే ఉంది సార్,” అన్నాడట. కమిటీలో ఒకాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడట. ఇదంతా మంచినీళ్ల కుండ పట్టుకుని వాకిట్లో నిలబడ్డ సాయబన్న తర్వాత చెప్పింది. నేను వరండాలో వంగి ఊడుస్తున్నాను, నాకు మాటలు వినపడతాయి గానీ మనుషులు కనపడరు.

తర్వాత పెద్దసారు ఒక విద్యార్థిని నల్లబల్ల దగ్గరికి రమ్మన్నారు. ఎవరిని పిలవాలి? అందరిలోకీ ఎత్తుగా కనపడేవాడిని. పొడుగాయన లేచాడు. చాక్‌పీసు అందుకున్నాడు. చెయ్యి వణికింది, చాక్‌పీసు కింద పడింది. ఇంకొకటి ఇచ్చారు. అదీ పడింది. మూడోది ఇచ్చేసరికి ముందు వరుస వాళ్లు బెంచీ వెనక్కి జరుపుకున్నారు.

పెద్దసారు చెడ్డవాడు కాదు. పాపం, వాడి భయం పోగొట్టాలనే చిన్న ప్రశ్న అడిగారు. “మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ఏమొస్తుంది నాయనా?” వాడు కింద పడ్డ చాక్‌పీసుల వైపే చూస్తున్నాడు. పెద్దసారే, “ప్లస్. అంతే కదా?” అన్నారు.

ఆ చివరి మాట ఒక్కటే నా చెవిన పడింది. వరండా ఆ కొస నుంచి నేను అప్పుడే ఈ కిటికీ కిందికి వచ్చాను. నా మెదడు వేపాకుల మీద ఉంది. నా నోరు మాత్రం తన ఉద్యోగం తాను చేసింది.

“యాల?”

నాకేం తెలుసు? మా వాడే లోపల లెక్క చెబుతున్నాడు, పెద్దవాళ్ల ముందు కదా, గొంతు మార్చి గంభీరంగా మాట్లాడుతున్నాడు అనుకున్నాను. గోడౌనులో మాట నాలుగు గోడలకూ తగిలి మోగుతుంది, పెద్దసారు ఆ ప్రశ్న పిల్లల్లోంచే వచ్చిందనుకున్నారు. ఎవరని వెతక్కుండా జవాబు మొదలుపెట్టారు.

“అది నియమం.”

“ఎవురు పెట్టినారు? యాల?”

“అంటే, ఇప్పుడు... ‘కాదు కాదు’ అని రెండుసార్లు అంటే ‘అవును’ అన్నట్టే కదా. అట్లాంటిదే.”

నాకు కోపం వచ్చింది. ఇంత మంచి బావి లెక్క పెట్టుకుని వీడు ఈ సొల్లు చెబుతాడేమి?

“నేను మా అత్తతో రెండుసార్లు కాదంటే రెండు దెబ్బలు పడతాండె గానీ, ఔను కాలేదప్పా! సరిగ్గా చెప్పు!”

ఇక్కడ ప్రిన్సిపాలు గారు కుర్చీలో కిందికి జారిపోయారని సాయబన్న చెప్పాడు. ప్రొఫెసరు గారు మాత్రం జేబులో చాక్‌పీసులు విరుచుకుంటూ సీలింగు వైపు చూస్తున్నాడట.

పెద్దసారుకు పౌరుషం వచ్చింది. కర్ర పక్కన పెట్టి, తలపాగా సర్దుకుని, తానే నల్లబల్ల మెట్టు ఎక్కారు. అక్షరాలతో, బ్రాకెట్లతో గబగబా రుజువు రాసుకుంటూ పోయారు. ఎక్కడో ఒక గుర్తు జారిపోయింది. చివరికి జవాబు మైనస్ వచ్చింది. చెరిపి మళ్లీ రాశారు. మళ్లీ మైనస్. ముప్పై మంది పిల్లలు వెనక నుంచి చూస్తున్నారు. పెద్దసారు చేతిలో చాక్‌పీసు వణికింది, జారి కింద పడింది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మా పొడుగాయన వంగి ఆ చాక్‌పీసు తీశాడు. దాన్ని చూశాడు, పెద్దసారు చేతిని చూశాడు. అంత పెద్ద మనిషి చెయ్యి కూడా వణుకుతుందని వాడికి అంతవరకు తెలియదు.

“సార్, మీరు రవ్వంత సేపు కూచోండి. ఆమెకు అట్లంటే అర్థం కాదు,” అని పెద్దసారును భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, “అక్కా, మా తోటలో మెట్లబావి ఉండాది కదా...” అని మొదలుపెట్టాడు.

నల్లబల్ల మీద బావి గీశాడు. మెట్లు గీశాడు. నీళ్లు గీశాడు. చెయ్యి వణకలేదు. నేను బయట నుంచి ఎక్కడికక్కడ “ఊ” అంటున్నాను. ఇదేం చోద్యం, తెలిసిన లెక్కే మళ్లీ చెబుతున్నాడే అనుకున్నాను గానీ, బాగానే చెబుతున్నాడు కదా అని ఆపలేదు. “మరి మొన్న నీళ్లు యాడుండె?” అని వాడు అడగ్గానే క్లాసంతా, కమిటీలో ఒకాయనతో సహా, “ఆరు మెట్లు పైన!” అని అరిచారు.

ఆ అరుపుకు నేను ఉలిక్కిపడి తల ఎత్తి కిటికీలోంచి చూశాను. తెల్ల తలపాగా కనపడింది. చీపురు జారిపోయింది.

“ఎవరమ్మా నువ్వు?” అన్నారు పెద్దసారు.

“ఊడ్చేదాన్ని సార్,” అన్నాను.

ప్రిన్సిపాలు గారు లేచి, “ఇప్పుడే పంపించేస్తాను సార్,” అన్నారు. పెద్దసారు చేత్తో ఆపారు. “ఈ అబ్బాయి చెప్పింది నీకు అర్థమైందా?”

“అయింది సార్.”

“నేను చెప్పింది?”

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. ప్రొఫెసరు గారు లోపల నుంచి నా వైపే చూస్తున్నాడు. అర్థం కాకపోతే ‘ఊ’ అనొద్దన్న మనిషి ఆయన. ఆయన ముందు ఎట్లా అనేది?

“కాలేదు సార్.”

పెద్దసారు ముఖం చూడలేకపోయాను. చీపురు అక్కడే వదిలేసి సాయబన్న గంట దగ్గరికి పరుగెత్తాను. క్లాసు కడపకు పోయినట్టే అనుకున్నాం ఇద్దరం. “పో చెల్లీ, నీ నోటికి తాళం వేసి తుంగభద్రలో పారేయాల,” అని సాయబన్న కోప్పడి, మళ్లీ ఆయనే తన డబ్బాలో రొట్టె తీసి సగం పెట్టాడు.

నెల గడిచింది. ఆ నెలంతా పొడుగాయన రోజూ వచ్చి, “కాగితం వచ్చిందాక్కా?” అని అడిగేవాడు. ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు గారు కవరు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఇంగ్లీషు కాగితం. నిలబడి చదువుతూ మాకు చెప్పాడు. కుర్చీలు తక్కువ. పుస్తకాలు తక్కువ. ఎలుకలు ఎక్కువ. పరిశోధన కనపడలేదు. కానీ క్లాసు మాత్రం ఇక్కడే ఉంచాలి. ఎందుకంటే, ఇక్కడి పిల్లలు అడుగుతారు, అడిగితే చెబుతారు. పొడుగాయన నన్ను చీపురుతో సహా పైకి ఎత్తేశాడు. పైకప్పుకు తల తగిలి నాకు బొప్పి కట్టింది.

“ఆఖరున ఇంకొక మాట ఉండాది,” అన్నాడు ప్రొఫెసరు గారు. అదేమిటో మాత్రం చదవలేదు. కాగితం మడిచి జేబులో, చాక్‌పీసుల మధ్య పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ప్రిన్సిపాలు గారు ఒక రేకు బోర్డు చేయించి వరండా గోడకు కొట్టించారు. నీలం రంగు మీద తెల్లటి తెలుగు అక్షరాలు, చెయ్యెడల్పు.

“ఏం రాసుండారు సార్?” అని అడిగాను.

ప్రొఫెసరు గారు కొంచెంసేపు బోర్డును చూసి, “లెక్కల క్లాసు ఈడ్నే ఉంటాదని రాసినారమ్మా,” అన్నాడు. నాకు ఎంత సంతోషమంటే, ఆ రోజు నుంచి పని మొదలుపెట్టే ముందు ఆ బోర్డును కొంగుతో తుడిచేదాన్ని. క్లాసు నడుస్తుండగానే దాని కింద ఊడ్చేదాన్ని. లోపల నుంచి పిల్లలు కిసకిస నవ్వేవాళ్లు. లెక్కల్లో అంత నవ్వేం ఉందో అనుకునేదాన్ని. ప్రిన్సిపాలు గారు ఎదురుపడినప్పుడల్లా నా వైపూ, బోర్డు వైపూ చూసి, నోరు తెరిచి, ప్రొఫెసరు గారిని చూసి మూసుకునేవారు.

ఏళ్లు గడిచాయి. ప్రిన్సిపాళ్లు మారారు. ప్రొఫెసరు గారు రిటైరై వెళ్లిపోయారు. పొడుగాయన ఎక్కడో హైస్కూల్లో లెక్కల మాస్టరయ్యాడని విన్నాను. నా సర్వీసు ఆఖరి ఏళ్లలో చర్చిలో పాస్టరమ్మ పెట్టిన ఆదివారం బడికి పోయి అక్షరాలు పట్టుకున్నాను. కొత్తగా వచ్చినవి కదా, కనపడినదల్లా చదివేదాన్ని, అగ్గిపెట్టె దగ్గర నుంచి. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ తల ఎత్తితే ఆ రేకు బోర్డు. ఇన్నేళ్లూ తుడిచిన బోర్డే కదా అని చీపురు చంకలో పెట్టుకుని మొదలుపెట్టాను. నాకప్పుడు లోపల చదవడం రాదు, గట్టిగా చదివితేనే వచ్చేది.

“త...ర...గ...తి... తరగతి... జ...రు...గు... జరుగుచుండగా... వ...రం...డా... ఊ...డ్వ... ఊడ్వరాదు.”

ఇంకొకసారి చదివాను. అదే వచ్చింది. మూడోసారి ఇంకా గట్టిగా చదువుతుండగా, లోపల క్లాసు చెబుతున్న కొత్త లెక్చరరు విసుగ్గా బయటికి వచ్చాడు.

“ఏమమ్మా, క్లాసు జరుగుతాండాది, కనపడదా? ఆ బోర్డు మీద ఏం రాసుండారో చూడు.”

“చూసినానప్పా. ఊడ్వరాదని రాసుండారు. చదవరాదని రాయలేదు కదా,” అన్నాను.